తెగిన తోకకు ముడి

చాతం అనగానే అండమాన్ వాళ్లకు రెండే గుర్తొస్తాయి: రంపపు మిల్లు, బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ. నాకు మాత్రం ఒక టిఫిన్ డబ్బా గుర్తొస్తుంది. ఆ సాయంత్రం వంతెన దగ్గరి రాళ్ల మీద ఒక కుర్రాడు గొంతుక్కూర్చుని, డబ్బా మూత తీసి ఏదో ఏరుతున్నాడు. లోపల ఉన్నది తిండి కాదు. వేలెడేసి రబ్బరు చేపలు, ఓ పాతిక ఉంటాయి. ఒకదానికి తోక లేదు. ఒకదానికి మూతి చీలింది. ఇంకోదానికి వీపు మీద అడ్డంగా గాటు. మంచిది ఒక్కటీ లేదు.

జంగ్లీఘాట్ కుర్రాడు. ముత్తాత కాలంలో సోంపేట వైపు నుంచి వచ్చిన వేట కుటుంబం. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ. గాలం వేయడం సరదా. ఆ రబ్బరు చేపలు గాలానికి గుచ్చే ఎరలు. "కోనాం కొరికేసిందండి" అన్నాడు తోక లేనిదాన్ని చూపిస్తూ. కోస్తాలో వంజరం అనే చేపనే ఉత్తరాంధ్ర వాళ్లు కోనాం అంటారు. దాని పళ్లు కత్తెరలాంటివి. గాలపు ముల్లు తగలకుండా తోక మాత్రం కత్తిరించుకుని పోతుంది. కొత్తవి కొనాలంటే చెన్నై నుంచో విశాఖ నుంచో రావాలి. రెండూ సముద్రం మీద వెయ్యి కిలోమీటర్లకు పైనే.

పక్కనే వాళ్ల తాత ఒళ్లో చిరిగిన వల ముక్క పెట్టుకుని, వల కుట్టే సూదితో కన్ను తర్వాత కన్ను అల్లుకుంటూ పోతున్నాడు. మనవడి డబ్బా కేసి చూసి ఆయన అన్న మాటే ఈ వ్యాసానికి మొదలు. "వలైతే ముడేత్తాం బాబూ. ఈటికి ముడెక్కడేత్తాం?"

మంచి ప్రశ్న. నాకు తెలిసిన జవాబు ఏమిటంటే, వీటిలోనూ ముడులున్నాయి. కంటికి కనబడనంత చిన్నవి కాబట్టి చేతితో వేయలేం, వేడితో వేయాలి.

ఆ ముడుల దాకా వెళ్లేముందు ఈ దీవి గురించి రెండు మాటలు. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమాన్‌లో ఈస్టిండియా కంపెనీ తొలి స్థావరం పెట్టింది ఈ చిన్న చాతం దీవి మీదే. ఆ స్థావరం ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత 1883లో ఇక్కడ రంపపు మిల్లు మొదలైంది. ఆసియాలోని బాగా పాత, పెద్ద రంపపు మిల్లుల్లో ఇదొకటి. 1942లో జపాన్ విమానాలు వేసిన బాంబు గుంతను ఇప్పటికీ మిల్లు ఆవరణలో చూపిస్తారు. పడౌక్ ఎర్ర చెక్క పొడి వాసన గాలి తిరిగినప్పుడల్లా ఆ రాళ్ల దాకా వచ్చేది. చుట్టుపక్కల వినపడే మాటల్లో తెలుగు తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. అందులో వేటను నమ్ముకుని శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని, జంగ్లీఘాట్ జెట్టీలో చేపల బేరం మాత్రం ఎప్పటిలాగే తెలుగులో సాగుతోంది.

మిల్లు సంగతి ఊరికే ఎత్తలేదు. చెక్క, వల, రబ్బరు చేప. మూడూ పొడవాటి గొలుసుల్లాంటి అణువులతో అయినవే. కానీ విరిగినప్పుడు మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. చెక్కను కాల్చితే బొగ్గవుతుందే తప్ప కరగదు. అందులోని సెల్యులోజ్ గొలుసులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయంటే, విడివడే లోపే గొలుసులే తెగిపోతాయి. అందుకే వడ్రంగి చెక్కను చెక్కలోకి దించి, జిగురు పెట్టి, మేకు కొడతాడు. వల నైలాను దారం. ముడి పడుతుంది, పట్టుకుని నిలుస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ ఎరకు మేకు కొట్టలేం, ముడి వేయలేం. కుర్రాడు ఒకదానికి దారం కట్టి చూశాడట. చేప లాగగానే వెన్నలో దారం దిగినట్టు దిగి ఇంకో ముక్క ఊడింది.

ఇక ఆ ఎర ఏమిటో చూద్దాం. మనం రబ్బరు అంటాం గాని అది రబ్బరు కాదు. బాత్రూం గొట్టం ఏ పదార్థమో చాలా ఎరలదీ అదే పదార్థం, పీవీసీ. 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బౌమన్ సీసాలో ఉంచిన వినైల్ క్లోరైడ్ వాయువు మీద ఎండ పడి, అడుగున తెల్లటి పొడి పేరుకుంది. దాంతో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. గట్టిది, పెళుసు, వేడి చేస్తే పాడవుతుంది. అర్ధశతాబ్దం దాటాక, 1926లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో బీ.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ ఉద్యోగి వాల్డో సెమన్ ఇనుముకు రబ్బరు అంటించే జిగురు కోసం వెతుకుతూ, ఈ పొడిని త్వరగా ఆవిరి కాని ద్రవంలో కాచాడు. చల్లారాక చూస్తే జిగురు కాలేదు. లాగితే సాగి, వదిలితే వెనక్కి వచ్చే ముద్ద అయింది.

సెమన్ చేసిందేమిటో అర్థం కావాలంటే ఆత్రేయపురం వెళ్లాలి. పూతరేకు పొడిగా ఉన్నప్పుడు మడతపెట్టి చూడండి, ఫెళ్లున విరుగుతుంది. అదే రేకును తడిగుడ్డతో ఒక్కసారి అద్దితే చీర మడతలా ఎటు వంచితే అటు వంగుతుంది. నీటి అణువులు పిండి గొలుసుల మధ్యకు దూరి వాటికి కాస్త ఎడం ఇస్తాయి. ఎడం దొరికిన గొలుసులు ఒకదాని మీద ఒకటి జారతాయి. నీరు రేకుతో కలిసి కొత్త పదార్థమేమీ అవదు. ఆరిపోతే మళ్లీ పెళుసే. శాస్త్రం భాషలో ఆ నీరు ప్లాస్టిసైజర్. సెమన్ ద్రవం పీవీసీకి చేసిందీ అచ్చం ఇదే. ఏ ద్రవమూ కలపని పీవీసీ సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని మెత్తబడదు. తగినంత ప్లాస్టిసైజర్ కలిపితే సున్నా కంటే కింద కూడా మెత్తగానే ఉంటుంది. గాలపు ఎర బరువులో సగానికి పైగా ఈ నూనెలాంటి ద్రవమే. కొత్త ఎర పట్టుకుంటే వేళ్లకు అంటుకునే జిడ్డు అదే.

ఆ కిటుకు చేపల దగ్గరకు చేరడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది. అదే ఆక్రన్‌లో యంత్రాల పని చేసే నిక్ క్రీమ్ తన ఇంట్లోనే ప్రయోగాలు చేసి, 1949లో మెత్తటి ప్లాస్టిక్ వానపామును తయారు చేశాడు. ఈరోజు అంగట్లో కనిపించే రొయ్యలు, కప్పలు, తెడ్డు తోక చేపలన్నీ ఆ వానపాము సంతానమే.

ఇప్పుడు తాత అడిగిన ముడి. అంత ద్రవం కలిపితే ఎర అంబలిలా కారిపోవాలి కదా, ఆకారం ఎలా నిలుస్తోంది? పీవీసీ గొలుసుల్లో కొన్ని భాగాలు ఒకే తీరుగా ఉండి, పక్క గొలుసులోని అలాంటి భాగాలతో ఒద్దికగా పేర్చుకుని చిన్నచిన్న స్ఫటికాలు కడతాయి. మొత్తంలో ఇవి చాలా తక్కువ భాగం. అయినా ఒక్కో స్ఫటికం నాలుగైదు గొలుసులను ఒకచోట పట్టి ఉంచుతుంది. దూరం నుంచి చూస్తే ఏమవుతుంది? గొలుసులు దారాలు, స్ఫటికాలు ముడులు, మధ్యలో కన్నుల నిండా నూనె. అంటే రబ్బరు చేప లోపల ఉన్నది వలే. కోనాం కొరికినప్పుడు చిరిగిందీ వలే.

ముత్యమంత తేడా ఒకటుంది. ఈ ముడులు వేడికి విప్పుకుంటాయి. 160 నుంచి 180 డిగ్రీల మధ్య స్ఫటికాలు చాలావరకు కరిగి, గొలుసులు స్వేచ్ఛగా కదులుతాయి. చల్లారుతుంటే మళ్లీ ముడిపడతాయి. కర్మాగారంలో పాలలాంటి ద్రవాన్ని వేడి చేసి, అచ్చులో పోసి, చల్లార్చి ఎరను తీసేది ఈ గుణం మీదే ఆధారపడి. చిరిగిన రెండు అంచులనూ ఆ వేడికి తెచ్చి ఒకదానికొకటి ఆనిస్తే, ఇటు గొలుసులు అటూ, అటువి ఇటూ పాకి, చల్లారేసరికి కొత్త ముడులు చిరుగుకు అడ్డంగా పడతాయి. అతుకు పెట్టిన చోట అతుకే ఉండదు. తాత ఒళ్లో జరుగుతున్నదీ అదే, కంటికి కనిపించే కొలతలో.

గొలుసులు పాకడమనేది నేను అలంకారానికి వాడిన మాట కాదు. 1971లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్-జీల్ ద జెన్ సరిగ్గా ఈ కదలికకు లెక్క కట్టాడు. చిక్కుపడిన గొలుసుల గుంపులో ఒక గొలుసు పక్కకు జరగలేదు. చుట్టూ ఉన్నవి అడ్డు. కలుగులో పాములా తన పొడవు వెంటే ముందుకో వెనక్కో జారాలి. ఆయనకు 1991లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ లెక్కలోంచి మనకు పనికొచ్చే ఫలితం ఒకటి ఉంది. ఆదర్శ పరిస్థితుల్లో అతుకు బలం కాలపు నాలుగో మూలంతో పెరుగుతుంది. అంటే బలం రెట్టింపు కావాలంటే, వేడిగా ఉన్న అంచులను పదహారు రెట్లు ఎక్కువసేపు ఆనించి ఉంచాలి. ఎర అతుకుకు దీన్ని యథాతథంగా అన్వయించలేం, ముడుల వ్యవహారం అదనంగా ఉంది కాబట్టి. కానీ దారి తెలుస్తుంది: మొదటి కొన్ని క్షణాల్లోనే చాలా బలం వచ్చేస్తుంది, ఆ తర్వాత ఎంతసేపు పట్టుకున్నా లాభం తక్కువ. అసలు మెలకువ ఆ మొదటి క్షణాల్లో రెండు అంచులూ సరిపడా వేడిగా ఉండటంలో ఉంది.

కుర్రాడు చేసిన తప్పు అక్కడే. లైటరు వెలిగించి, ఎరను మంట మీద పెట్టాడు. లైటరు మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. మనకు కావలసింది 170 దగ్గర. పైపొర మాడి నల్లబడింది, లోపల పచ్చిగానే ఉంది, ఘాటైన పొగ వచ్చింది. పీవీసీ 200 డిగ్రీలు దాటితే గొలుసులోని క్లోరిన్ హైడ్రోజన్‌తో జతకట్టి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా ఊడిపోతుంది. అది కంట్లోను, గొంతులోను తడి తగలగానే ఆమ్లమవుతుంది. క్లోరిన్ పోయిన గొలుసు మొదట పసుపు, తర్వాత గోధుమ, చివరకు నలుపు. రంగు తిరిగిందంటే అక్కడ గొలుసు చచ్చిపోయినట్టే. దానికి ఇక ముడి పడదు.

మంట ఎరకు తగలకూడదు, కత్తికి తగలాలి. ఇద్దరం అలా మొదలుపెట్టాం. ముందు ఎరను మంచినీళ్లతో కడిగి, గుడ్డతో ఒత్తి, గాలికి బాగా ఆరనిచ్చాం. చిరుగులో ఉప్పు గింజ మిగిలితే అది అతుకు మధ్య రాయి. నీటి బొట్టు మిగిలితే వేడి కత్తి తగలగానే ఆవిరై, అంచు నిండా బుడగలు చేస్తుంది. కొవ్వొత్తి వాడలేదు. దాని మసి కత్తికి పట్టి, అతుకులోకి పోయి నల్లగీత గీస్తుంది. గ్యాస్ లైటరు మంట నీలంగా ఉన్న చోట పాత స్టీలు చాకు పలచటి అంచు పెట్టాం. గాలికి మంట నిలవకపోతే డబ్బా మూత అడ్డం పెట్టాడు.

ఎంత కాలిందో తెలిసేది థర్మామీటరుతో కాదు. పనికిరాని ముక్క మీద చాకు ఆనించి చూడాలి. ముక్క అతుక్కుని తీగలు సాగితే వేడి చాలలేదు. పొగ లేచిందంటే ఎక్కువైంది, ఐదు లెక్కపెట్టి ఆగాలి. నూనె రాసిన పెనం మీద అట్టు పిండి పడినట్టు సన్నగా సుయ్‌మని, తడిగా మెరిసి, చాకు నుంచి జారిపోతే అదే అదను. అప్పుడు వీపు గాటును రెండు బొటనవేళ్లతో తెరిచి, చాకును మధ్యలో దించి, అంచులు రెండూ చాకు రెండు పక్కలకూ ఆనేలా మూశాడు. ఒక్క క్షణం. రెండు అంచులూ తేనెలా మెరవగానే చాకు సర్రున లాగి, వేళ్లతో మెల్లగా అదిమాడు. గట్టిగా అదిమితే కరిగినదంతా బయటకు పొంగి అతుకు పలచబడుతుంది. ఇరవై లెక్కపెట్టి, నీళ్ల బకెట్‌లోకి వదిలాడు. తీసి చూస్తే గాటు ఉన్న చోట సన్నటి మెరుపు గీత తప్ప ఏమీ లేదు. తాత సూది ఆపి, వేలితో ఆ గీతను తడిమి చూశాడు.

మూతి చీలడం వేరే కథ. గాలపు ముల్లుకు సీసం తల ఉంటుంది. ఎర మూతి దాని మెడకు పట్టుకుని నిలబడాలి. పదిసార్లు విసిరేసరికి ఆ రంధ్రం వదులై, ఎర కిందికి జారి ముడుచుకుపోతుంది. ఇక్కడ పదార్థం చిరగడమే కాదు, కొంత ఊడిపోయింది కూడా. అంచులు కలిపితే మూతి సన్నబడుతుంది. కాబట్టి చచ్చిన ఎర నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, చాకు కొసన కరిగించి, చొట్టలో నింపాలి. తోక పోయినప్పుడు ఇంకో ఎర తోక కోసి అంటు కట్టవచ్చు, మామిడి అంటు కట్టినట్టే. రెండు మొదళ్లూ ఒకే మందంలో, ఒకే వాలులో కోస్తే అతికే వైశాల్యం పెరుగుతుంది. ఆకుపచ్చ ఒంటికి ఎర్ర తోక పెడితే చేప తప్పుపట్టదు. తోక వంకరగా అతికితే మాత్రం నీళ్లలో ఎర గింగిరాలు తిరుగుతుంది, దాన్ని చేప కచ్చితంగా పసిగడుతుంది. తోక కొస బాగా పలచన కాబట్టి అక్కడికి వేడి చాకు తీసుకెళ్లకూడదు. చూస్తుండగానే ముడుచుకుపోతుంది.

అలాంటి పలచటి చోట్లకే జిగురు. ఐదు రూపాయల క్విక్ గమ్ అందరి ఇళ్లలోనూ ఉంటుంది. సైనోఅక్రిలేట్ అనే ఆ ద్రవం 1942లో కోడాక్ కంపెనీలో హారీ కూవర్ చేతికి చిక్కింది. తుపాకీ గురికి పారదర్శకమైన ప్లాస్టిక్ కావాలని వెతుకుతుంటే, ఇది ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుని చికాకు పెట్టిందని పక్కన పడేశారు. 1951లో మళ్లీ ఒక పరికరం గాజు పట్టకాలను విడదీయలేకుండా అంటించేసినప్పుడు గాని దాని విలువ తెలియలేదు. ఈ జిగురు ఆరిపోవడం వల్ల గట్టిపడదు. గాలిలోని, వస్తువు మీది తేమ తగలగానే అణువులు చకచకా గొలుసులై గట్టిపడతాయి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ దీవుల్లో తేమకు లోటు లేదు. అతుకు క్షణాల్లో పడుతుంది. మూత తీసిన ట్యూబు కూడా అంతే తొందరగా లోపలే రాయవుతుంది. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసిన సీసాలో బిగించి పెడితే ఎక్కువ రోజులు వస్తుంది. మరో హెచ్చరిక: కారిన జిగురును నూలుగుడ్డతో తుడవకండి. ఎక్కువ మొత్తం నూలుకు తగిలితే చెయ్యి కాలేంత వేడి పుడుతుంది.

నా మటుకు నాకు జిగురు రెండో ఎంపికే. గట్టిపడిన సైనోఅక్రిలేట్ గాజులాంటిది. ఎర ఒళ్లంతా వంగుతూ ఉంటే ఆ ఒక్క గీత వంగనంటుంది. బలమంతా ఆ గీత అంచున పోగై, అక్కడి నుంచే కొత్త చిరుగు మొదలవుతుంది. అందుకే వాడితే బొట్టులో పావు వంతు వాడాలి, పొర ఎంత పలచనైతే అంత నయం. రబ్బరు కణాలు కలిపి కాస్త సాగేలా చేసిన రకం దొరికితే ఇంకా మంచిది. ప్లంబరు దగ్గరి పైపు జిగురు వాడవచ్చా అని కుర్రాడు అడిగాడు. తెలివైన ప్రశ్నే. అందులోని ద్రావణి పీవీసీని ఉబ్బించి, అంచుల గొలుసులను కలిపేస్తుంది. వేడి చేసే పనిని చల్లగా చేస్తుందన్నమాట. కానీ దానితోపాటు గట్టి పీవీసీ కూడా కరిగి ఉంటుంది. ఆరాక ఆ పొర గట్టిగా మిగులుతుంది. గొట్టానికి అది వరం, తోకకు అడ్డం.

డబ్బాలో ఉన్నవన్నీ పీవీసీ కావు. ఒక మూలన నాలుగైదు ఎరలు కలిసిపోయి, బెల్లం పాకంలా జిగటగా ముద్ద కట్టి ఉన్నాయి. ఎండకు కరిగాయనుకున్నాడు కుర్రాడు. కాదు, ఒకదాన్నొకటి కరిగించుకున్నాయి. బడిపిల్లల జామెట్రీ బాక్సులో ఈ వింత ప్రతి ఇంట్లోనూ జరిగి ఉంటుంది. వేసవి సెలవుల తర్వాత తెరిస్తే, తెల్లటి మెత్తటి రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు అంటుకుపోయి, పీకితే స్కేలు మీద గుంట. ఆ మెత్తటి నాన్‌డస్ట్ రబ్బర్లు చాలావరకు పీవీసీయే. అందులోని నూనె దేనికీ కట్టుబడి లేదు కదా, నెమ్మదిగా బయటకు వచ్చి, పక్కనున్న పాలీస్టైరీన్ స్కేలులోకి దూరి దాన్ని మెత్తబరిచేసింది.

బజారులో బాగా సాగే, ఎంత లాగినా తెగని కొత్త రకం ఎరలు వస్తున్నాయి. వాటిని టీపీఈ అంటారు. వాటి లోపలా వలే, కాకపోతే ముడులు వేరు. గొలుసు కొసల్లో ఉన్న పాలీస్టైరీన్ ముక్కలు గుంపులు కట్టి ముడులవుతాయి. పీవీసీ ఎరను దాని పక్కన పెడితే, స్కేలుకు పట్టిన గతే ఆ ముడులకూ పడుతుంది. నూనె వచ్చి ముడులు విప్పేస్తుంది. మిగిలేది ముద్ద. కాబట్టి రెండు జాతులను ఒకే డబ్బాలో పెట్టకూడదు. ఏది ఏదో తెలియకపోతే బకెట్ చాలు. టీపీఈ నీటి మీద తేలుతుంది, పీవీసీ ఎర మెల్లగా మునుగుతుంది. టీపీఈకి క్విక్ గమ్ సరిగా పట్టదు, వేడికి మాత్రం చక్కగా అతుకుతుంది. అయితే పీవీసీ ముక్కను టీపీఈకి అంటు కట్టాలని చూడవద్దు. జాతి కలవదు.

అసలైన రబ్బరుతో చేసినదైతే ఏ వేడికీ అతకదు. గంధకంతో ఉడికించిన రబ్బరులో గొలుసుల మధ్య వంతెనలు రసాయన బంధాలు, ఎప్పటికీ విప్పుకోవు. అందుకే సైకిల్ ట్యూబుకు పంక్చరు పడితే షాపువాడు కరిగించడు. ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, పైన ముక్క అంటిస్తాడు. సిలికాన్ ఎరల సంగతీ ఇంతే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విద్య ఎక్కువ పనికొచ్చేది కొర్రమీను వేటగాళ్లకు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. చెరువు నాచు మీద కప్ప ఎగిరినట్టు ప్లాస్టిక్ కప్పను గెంతిస్తే ఎగిరి అందుకుంటుంది. ఆ కప్ప లోపల బోలు. పంటి గాటు పడితే నీరు ఎక్కి మునిగిపోతుంది, ఇక గెంతదు. దానికి అతుకు పెట్టేముందు పొట్ట నొక్కి నీళ్లన్నీ పిండి, ఒక రాత్రి బోర్లించి ఆరబెట్టాలి. పలచటి గోడ కాబట్టి చాకు కొస మాత్రమే, అదీ తగిలీ తగలనట్టు.

ఇంత చిన్న వస్తువుకు ఇంత శ్రమ ఎందుకంటారా? తెగిన తోక ఎక్కడికి పోతుందో ఆలోచిస్తే నాకు శ్రమ అనిపించదు. అమెరికాలో 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో బ్రూక్ ట్రౌట్ చేపల తొట్టెలో మెత్తటి ఎరలు ఊరికే వేసి చూశారు. సగానికి పైగా చేపలు వాటిని తమంతట తామే మింగాయి. కొన్నింటి కడుపులో అవి వారాల తరబడి ఉండిపోయాయి, మింగిన చేపలు చిక్కిపోయాయి. ఎర లోపలి నూనె నీళ్లలోకి, కడుపులోకి మెల్లగా ఊరిపోతుంది. కొన్ని ఎరల్లో వాడే థాలేట్ రకం నూనెలను యూరప్ 2005లోనే పిల్లల బొమ్మల్లో నియంత్రించింది. ఎర పట్టుకున్న చేత్తో అన్నం తినకూడదనేది అందుకే. చాతం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే వండూరులో 1983లో ఏర్పడిన సముద్ర జాతీయ పార్కు, అందులో పగడపు దిబ్బలు. అతికించి వాడుకున్న ప్రతి ఎరా, ఆ నీళ్లలో పడని ఒక తోక. మరీ పాడైనవి కూడా పారేయనక్కర్లేదు. నింపడానికి గింజలుగా పనికొస్తాయి. కరిగించి మళ్లీ అచ్చు పోయాలనుకుంటే మాత్రం ఆరుబయట, వంటకు ఎన్నడూ వాడని గిన్నెలో, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్క చుక్క నీరు పడకుండా చేయాలి. కాగే ప్లాస్టిక్‌లో నీరు పడితే కాగే నూనెలో పడ్డట్టే చిమ్ముతుంది.

చీకటి పడేలోపు ఏడు ఎరలు అతికాయి. రెండు మాడిపోయాయి. ముద్ద కట్టినవాటిని కాగితంలో చుట్టి పక్కన పెట్టాం. ఆఖరి ఫెర్రీ హారను వినిపించింది. తాత సూది పక్కన పెట్టి, మనవడి చేతిలోంచి మొదటగా అతికించిన ఎరను తీసుకున్నాడు. వల ముడిని పరీక్షించినట్టే, రెండు కొసలూ రెండు పిడికిళ్లలో పట్టి లాగాడు. ఎర జానెడు సాగింది. మెరుపు గీత వెడల్పయింది, తెల్లబడింది, నిలబడింది. ఇంకాస్త లాగాడు. టప్పున తెగింది, గీత దగ్గర కాదు, దానికి వేలెడు ఇవతల, ఏ గాటూ లేని చోట.

ఆయన తెగిన రెండు ముక్కలూ లైటరు వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "ముడి గట్టిదే," అన్నాడు. "వల పాతదైపోనాది."

కుర్రాడు ఆ ముక్కలు అందుకుని, చాకు చివరను గుడ్డతో తుడిచి, మళ్లీ మంట మీద పెట్టాడు.